బెజవాడ నుంచి సీరియల్‌కి మాటలు రాయడం: నా అనుభవం

తెలుగు సీరియళ్ల షూటింగులు దాదాపు అన్నీ హైదరాబాద్‌లోనే జరుగుతాయి. రాసేవాళ్లు మాత్రం అక్కడే ఉండక్కర్లేదు. నేను సత్యనారాయణపురంలో ఇంట్లో కూర్చుని రాసి, పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపిస్తాను. కథాచర్చలుంటే పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సరిపోతుంది.

కొత్తవాళ్లంతా కథ పట్టుకుని తిరుగుతారు. సీరియల్‌లో కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఇంకొకరిది, మాటలు మరొకరివి. ముందు దొరికేది మాటల పనే. స్క్రీన్‌ప్లే రైటర్ పంపే సీన్ ఆర్డర్‌లో 'హాలు, పగలు. అత్త, కోడలు, ఆడపడుచు. నగలు పోయిన సంగతి బయటపడుతుంది' అని మాత్రమే ఉంటుంది. మిగతాదంతా మనమే రాయాలి. గంటకి 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదన్నది నిబంధన. ఆ లెక్కన అరగంటలో ఆరు నిమిషాలు ప్రకటనలకు పోతాయి. టైటిల్స్, రీక్యాప్ (నిన్నటి కథ), ప్రీక్యాప్ (రేపటి ఎపిసోడ్ తునక) కూడా తీసేస్తే మనకు మిగిలేది 20 నిమిషాలు, మహా అయితే 22.

మాట ఎలా విరుగుతుందన్నది చాలా ముఖ్యం. చాలామంది హీరోయిన్లకు తెలుగు రాదు. అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి ప్రామ్టింగ్ ఇస్తుంటే, అంటే మాటలు ముక్కముక్కగా అందిస్తుంటే, విని అంటారు. తర్వాత డబ్బింగ్. 'నువ్వు మొన్న రాత్రి అమ్మ గదిలోంచి తీసిన నగలు ఎక్కడ పెట్టావో నాకు తెలుసు' అని రాస్తే ప్రామ్టర్ ఎక్కడ ఆపినా అర్థం తెగుతుంది. అదే 'మొన్న రాత్రి అమ్మ గదిలోకి వెళ్లావు. నగలు తీశావు. ఎక్కడ పెట్టావో కూడా నాకు తెలుసు' అని రాస్తే ప్రతి ముక్కా విడిగా నిలబడుతుంది. మధ్యలో మూడు ముఖాల రియాక్షన్లు వేసుకోవడానికి ఎడిటర్‌కి చోటు దొరుకుతుంది.

తర్వాతి తలనొప్పి కాల్షీట్లు, అంటే ఆర్టిస్టులు ఇచ్చే డేట్లు. అత్తగారి పాత్రధారి ఇంకో సీరియల్‌కి వెళ్లిపోతే సీన్ ఆగకూడదు. కాబట్టి కథ కదిలే సమాచారం డేట్లు గట్టిగా ఉన్న ఆర్టిస్టు నోట్లో పెట్టాలి. అత్త మాటల్ని ఫోన్‌లోకి మార్చినా చెల్లేలా రాయాలి. హాలు సీన్లు నాలుగైదు ఎపిసోడ్లవి ఒకే రోజు తీసేస్తారు. అందుకని సీన్ తలకట్టులోనే 'కోడలి నుదుట కట్టు ఉంది' అని రాసిపెట్టాలి. లేకపోతే మంగళవారం తగిలిన దెబ్బ బుధవారానికి మాయమై గురువారం మళ్లీ కనిపిస్తుంది.

ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. మాటల రచయిత మారగానే ముందు చెడేది పిలుపే. నిన్న 'బావా' అన్న పిల్ల ఇవాళ 'ఏవండీ' అంటుంది. చూసేవాళ్లు వెంటనే పట్టేస్తారు.

చెవికి రాయడం నేర్చుకోవాలంటే రేడియో నాటకం మంచి బడి. మన బెజవాడ ఆకాశవాణి 1948 నుంచీ ఉంది. కళ్లకు కనిపించేదాన్ని మళ్లీ నోటితో చెప్పించకూడదని టీవీ రచయితలకు చెబుతారు, నిజమే. కానీ సీరియల్‌ని సగంమంది వంటింట్లోంచి వింటారు కదా, కాస్త రేడియో అలవాటు ఉంటే నష్టం లేదు.

ఇక డబ్బు సంగతి. పారితోషికం ఎపిసోడ్‌కి ఇంత అంటారు. రాసిన ఎపిసోడ్‌కా, ప్రసారమైనదానికా? ఒప్పందంలో ఇది తేలాలి. ప్రసారమైనదానికే అని ఉంటే, సీరియల్ అర్ధాంతరంగా ఆపేసినప్పుడు ముందే రాసి నిల్వ ఉంచిన ఎపిసోడ్లకి పైసా రాదు. టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపన్ను) 10 శాతం కోస్తారు, పాన్ ఇవ్వకపోతే 20. అది ఆదాయపన్ను వెబ్‌సైట్‌లో మన పాన్ కింద కనిపించకపోతే నిర్మాణ సంస్థ అకౌంటెంట్‌ని వెంటనే అడగండి, ఏడాది చివరిదాకా ఆగొద్దు.

కాన్సెప్ట్ నోటితో చెప్పొద్దు. ఆలోచనకి కాపీరైట్ లేదు, రాసినదానికే ఉంటుంది. మన ఈమెయిల్ నుంచి పంపితే తేదీ నిలుస్తుంది. కాపీరైట్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ ఫీజు 500 రూపాయలు, అభ్యంతరాల కోసం నెల రోజులు ఆగాలి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం చెబుతోంది. అందుకే వాళ్ల కాగితంలో 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని ఉంటుంది. రీమేక్, డబ్బింగ్ హక్కులకు విడిగా డబ్బు అడగాల్సింది ఆ లైన్ దగ్గరే.

గురువారం రేటింగులు రాగానే ట్రాక్ మార్చమంటారు, రాసిన సీన్లు బుట్టదాఖలు. తిరగరాతకి వేరే డబ్బు ఇచ్చే అలవాటు లేదు కాబట్టి, ఎపిసోడ్‌కి ఎన్ని సవరణలు చేస్తామో ముందే ఒప్పందంలో అంకె వేయించుకోవాలి.