వేడి హెచ్‌సీఎల్ పంపుకి మెటీరియల్ ఎంచుకోడం – నా అనుభవం

పటాన్‌చెరు వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. గ్లాస్ లైన్డ్ రియాక్టర్ నుంచి న్యూట్రలైజేషన్ ట్యాంకుకి, 15 శాతం దాకా హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) ఉన్న లిక్విడ్‌ని 80 డిగ్రీల వేడి మీద తోలాలి. నేను చేరేటప్పటికి పంపు, పైపు అన్నీ ఎస్ఎస్ 316 అనే రకం స్టెయిన్‌లెస్ స్టీలు. వెల్డింగుల దగ్గర పిన్‌హోల్స్ పడి కారుతుంటే క్లాంపులు వేసుకుంటూ నెట్టుకొస్తున్నారు. హెచ్‌సీఎల్ తగిలితే స్టెయిన్‌లెస్ మీదుండే సన్నటి ఆక్సైడ్ పొర నిలవదు, 316లో ఉన్న 2-3 శాతం మాలిబ్డినం ఈ వేడికి ఏ మూలకీ చాలదు. "316 అంటే యాసిడ్ ప్రూఫే కదండీ" అని పర్చేజ్ వాళ్ళు అంటారు, వినకండి. ఏ యాసిడ్డో, ఎంత వేడో చెప్పకుండా ఆ మాటకి అర్థమే లేదు.

పైపు పని తేలిగ్గానే అయిపోయింది, లోపల పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) లైనింగ్ ఉన్న ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఉక్కు) పైపు వేశాం.

పరువు పోయింది పంపు దగ్గర. ప్లాస్టిక్ లైనింగ్ పంపు మీద నాకు నమ్మకం లేదు, మెటల్ అయితేనే గట్టిదనుకున్నాను. చార్టులు తిరగేస్తే హెచ్‌సీఎల్‌కి నికెల్-మాలిబ్డినం అల్లాయ్ బీ3 బ్రహ్మాండం అని ఉంది. అదీ ఊరికే నమ్మలేదు, కూపన్లు (పరీక్షకి వాడే చిన్న మెటల్ ముక్కలు) తెప్పించి, ల్యాబ్ యాసిడ్‌ని 15 శాతానికి కలిపి, 80 దగ్గర పది రోజులు వేలాడదీసి తూకం వేస్తే తగ్గింది చాలా స్వల్పం. ధైర్యంగా సంతకం పెట్టేశాను. స్టెయిన్‌లెస్ పంపు ధరకి ఎన్నో రెట్లు.

ఐదో వారంలో ఫ్లో పడిపోయింది. విప్పి చూస్తే ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం) చెదలు తిన్న చెక్కలా ఉంది. సోమవారం రివ్యూలో ప్లాంట్ హెడ్ దాన్ని టేబుల్ మీద పెట్టించి పద్నాలుగు మంది ముందు "దీని రేటెంతో నువ్వే చదువు" అన్నారు. చదివాను. పర్చేజ్ ఆయన నవ్వాడు, ఆ నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు. సప్లయర్ వేరే మెటల్ అంటగట్టాడేమోనని మెటల్‌లో ఏమేం ఉన్నాయో చూపించే పీఎంఐ గన్‌తో చెక్ చేయిస్తే మాలిబ్డినం 28 శాతం, నికెల్ 65 పైనే, అసలు సరుకే. మరి ల్యాబ్‌లో తట్టుకున్న మెటల్ ప్లాంట్‌లో ఎందుకు కరిగిందో అర్థంకాక రెండు వారాలు సరిగ్గా నిద్రపోలేదు.

తేల్చింది మా నైట్ షిఫ్ట్ ఆపరేటరన్న. ల్యాబ్‌లో బీకర్ చూసి "సార్, ఇది నీళ్ళ లెక్క ఉన్నది, మన ట్యాంకులది పచ్చగుంటది గదా" అన్నాడు. ఆ పసుపుపచ్చ రంగే ఫెర్రిక్ క్లోరైడ్, అంటే యాసిడ్‌లో కరిగిన ఇనుము! కమర్షియల్ యాసిడ్‌లో అది ఎంతోకొంత ఉంటుంది, దానికి తోడు మా యాసిడ్ స్టోరేజ్ ట్యాంకు రబ్బర్ లైనింగ్ ఒకచోట చిరిగి కింద ఎంఎస్ కరిగి కలుస్తోంది. ఫెర్రిక్ లాంటి ఆక్సిడైజింగ్ దెబ్బని కాచేది క్రోమియం, బీ3లో అది ఒకటిన్నర శాతమో ఎంతో. ట్యాంకు యాసిడ్‌తో మళ్ళీ కూపన్ పెడితే మూడు రోజులకే గరుకు తేలి తూకం దిగిపోయింది. సీ276 అనే ఇంకో నికెల్ అల్లాయ్‌లో క్రోమియం 16 శాతం దాకా ఉంది, ఫెర్రిక్‌కి ఆగుతుంది గానీ ఇంత వేడి హెచ్‌సీఎల్‌లో దాని అరుగుదల మాకు ఎక్కువే. అందుకే చెప్తున్నా, కూపన్ టెస్ట్ మీ ట్యాంకు లిక్విడ్‌తోనే చేయండి, సీసాలోంచి కొత్తగా తీసిన యాసిడ్‌తో కాదు. నా రిపోర్టులో కారణం కనిపెట్టింది ఆ అన్నే అని పేరుతో సహా రాశాను, తీసేయమన్నారు, తీయలేదు.

చివరికి పీఎఫ్ఏ (టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్) లైనింగ్ ఉన్న మాగ్నెటిక్ డ్రైవ్ (అయస్కాంతంతో తిరిగే) పంపు పెట్టాం, బీ3 కన్నా చాలా చవక, ఇనుముతో దానికి పనే లేదు. మూడు నెలలుగా చుక్క కారలేదు. ఒక్కటే, ఖాళీగా తిరిగితే సిలికాన్ కార్బైడ్ బేరింగులు పగిలిపోతాయి, అందుకని మోటార్ మీద లోడ్ తగ్గితే ట్రిప్ అయ్యేలా రిలే పెట్టించాను.

పోయిన వారం పెయింటింగ్ కాంట్రాక్టర్ మనుషులు లైన్డ్ పైపు వెంట్ హోల్స్ అన్నిటికీ నున్నగా పెయింట్ పూసేశారు. లైనింగ్ గుండా కొద్దికొద్దిగా దూరే యాసిడ్ ఆవిరి బయటికి పోవాల్సింది ఆ రంధ్రాల్లోంచే, మూసేస్తే లైనింగ్ లోపలికి ఉబ్బుతుంది. ఎవరో డ్రిల్ తెచ్చారు, లైనింగ్‌కి తూటు పడుతుందని ఆపి, నేనే కూర్చుని ఒక్కొక్కటీ పుల్లతో తెరిచాను.