ఫారెస్ట్రీ ఆప్షనల్‌లో కొండ అడవులు: నేను ఎలా చదివానంటే

ఐఎఫ్‌ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) మెయిన్స్‌కి ఫారెస్ట్రీ ఆప్షనల్‌గా తీసుకున్న మనవాళ్లు కొండ అడవుల దగ్గరకు వచ్చేసరికి కాస్త డీలా పడతారు. దేవదారు, కైల్, స్ప్రూస్, సిల్వర్ ఫర్... వీటిలో మనం పుట్టి పెరిగిన చోట కనిపించే చెట్టు ఒక్కటీ లేదు. నోట్స్ తెరిస్తే ఎత్తుల పట్టిక ఎదురవుతుంది. ఫలానా చెట్టు ఇన్ని మీటర్ల నుంచి ఇన్ని మీటర్ల దాకా అని. ఒక కోచింగ్ మెటీరియల్‌లో ఈ టాపిక్ మొత్తం ఆ పట్టికే! నా మట్టుకు నాకు ఆ పట్టిక అన్నిటికంటే తక్కువ పనికొచ్చింది. ఆ చెట్టు అక్కడే ఎందుకుందో చెప్పగలిగితే, అంకె వంద మీటర్లు అటూ ఇటూ అయినా పెద్ద నష్టం లేదు. అంకె మాత్రమే తెలిసి కారణం తెలియకపోతే ఎనిమిది మార్కుల ప్రశ్నకు కూడా రెండు వాక్యాలకు మించి పెన్ను కదలదు.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. మెయిన్స్‌లో రెండు ఆప్షనల్స్, ఒక్కోదానికి రెండు పేపర్లు, పేపర్‌కి 200 మార్కులు. ఫారెస్ట్రీ మొదటి పేపర్ సిల్వికల్చర్‌తోనే, అంటే అడవిని పెంచే శాస్త్రంతోనే మొదలవుతుంది. సైట్ ఫ్యాక్టర్స్, అంటే చెట్టు పెరిగే చోటును నిర్ణయించే వాతావరణం, నేల, వాలు లాంటివి, అక్కడే ఉంటాయి. నేలలు, వాటర్‌షెడ్ అదే పేపర్లో మరో చోట, ఎకాలజీ రెండో పేపర్లో. అంటే కొండ అడవులు అనే అధ్యాయం సిలబస్‌లో ఒకే చోట దొరకదు, ముక్కలుగా పడి ఉంటుంది. నా రెండో ఆప్షనల్ జియాలజీ. అగ్రికల్చర్‌ను ఫారెస్ట్రీతో కలిపి తీసుకోనివ్వరు కాబట్టి చాలామంది జియాలజీ వైపు వస్తారు. ఈ టాపిక్ వరకు అది వరమనే చెప్పాలి. ఎందుకో కింద చెబుతాను.

ముందు చలి సంగతి. వెయ్యి మీటర్లు పైకి వెళితే సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుందని అందరం చదివాం. దీన్ని మన లంబసింగి మీద పెట్టి చూడండి. ఊరు సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. జనవరిలో విశాఖలో రాత్రి 18 డిగ్రీల చుట్టూ ఉంటుంది. 6.5 తీసేస్తే 11 నుంచి 12 రావాలి. మరి సున్నా దగ్గరకు పడిపోయిందని ఏటా వార్తల్లో ఎందుకు చూస్తున్నాం? లెక్కలో ఎత్తు ఒక్కటే ఉంది కాబట్టి. సముద్రం దగ్గర ఉంటే గాలి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది, లోపలికి పోయేకొద్దీ ఆ ఆసరా ఉండదు. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి పల్లంలో చేరుతుంది. అందుకే పల్లం కంటే పక్కనున్న వాలు వెచ్చగా ఉంటుంది. దీన్నే ఇన్వర్షన్ అంటారు, అలా చలి చేరే గుంటను ఫ్రాస్ట్ పాకెట్ అంటారు.

ఇదే సూత్రాన్ని డెహ్రాడూన్ వైపు తీసుకెళ్లండి. అక్కడి పల్లపు చోట్ల సాల్ చెట్టు మొలకలు చలికి పైభాగం చచ్చి, వేరు బతికి, మళ్లీ చిగురేసి, మళ్లీ చస్తూ ఏళ్ల తరబడి నేలబారునే ఉండిపోతాయి. సాల్ పునరుత్పత్తి ప్రశ్నలో డై-బ్యాక్ అని రాసేది దీన్నే. కరువు కూడా ఇదే పని చేస్తుంది. నీలగిరుల్లో షోలా అడవి (ఎత్తైన కొండల్లోని పొట్టి సతతహరిత అడవి) కొండ మడతల్లోనే ఎందుకుంది, బయట గడ్డి ఎందుకుంది అన్న చర్చలో కూడా మంచు పడే రాత్రుల ప్రస్తావన తప్పదు. అయితే అక్కడ నిప్పు, నేల లోతు, గాలి కూడా పాత్రధారులే. ఒక్క కారణం రాసి ఊరుకోకండి.

ఇక నాకు బాగా నచ్చిన భాగం, ఆస్పెక్ట్. అంటే వాలు ఏ దిక్కుకు తిరిగి ఉందన్నది. దక్షిణ వాలు వెచ్చన, పొడి. ఉత్తర వాలు చల్లన, తేమ. అందరూ ఇంతే రాస్తారు. ఎంత తేడా అన్నది ఒక్కసారి కాగితం మీద చూసుకుంటే జన్మలో మర్చిపోరు. 30 డిగ్రీల అక్షాంశం, అంటే దాదాపు ముస్సోరీ. డిసెంబర్ 21 మధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి 36.5 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 30 డిగ్రీల వాలున్న దక్షిణ ముఖం మీద ఎండ 66.5 డిగ్రీల కోణంలో పడుతుంది. అదే వాలున్న ఉత్తర ముఖం మీద 6.5 డిగ్రీలే, అంటే నేలను రాసుకుంటూ పోతుంది. ఆ కోణాల సైన్ విలువలు తీస్తే 0.92, 0.11. చదరపు మీటరుకు నేరుగా అందే ఎండలో ఎనిమిది రెట్ల తేడా! ఒకే ఎత్తు, ఒకే వాన, ఒకే కొండ. ఒక వైపు చిర్ పైన్, రెండో వైపు బాంజ్ ఓక్ ఉన్నాయంటే ఇక ఆశ్చర్యమేముంది?

ఇప్పుడు అదే లెక్క తిరుపతికి వేయండి. అక్షాంశం 14 అనుకుందాం. డిసెంబర్‌లో దక్షిణ వాలుకూ ఉత్తర వాలుకూ తేడా రెండున్నర రెట్లకు కాస్త పైన ఆగిపోతుంది. జూన్ నెలాఖరులో అయితే మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు కాబట్టి ఉత్తర వాలుకే ఎక్కువ ఎండ తగులుతుంది. అందుకే హిమాలయాల మీద రాసిన ఆస్పెక్ట్ వాక్యాలను తెచ్చి తూర్పు కనుమల జవాబులో అతికించకూడదు. మన కొండల్లో నేల లోతు, వాగు దగ్గరితనం, వానగాలికి ఎదురుగా ఉందా చాటున ఉందా అన్నవే ముందు నిలబడతాయి.

నేల లోతు చూడటానికి గోతులు తవ్వక్కర్లేదు. ఘాట్ రోడ్డు కోసిన గట్టు చాలు. అనంతగిరి మీదుగా అరకు వెళ్లేటప్పుడు బస్సు మలుపుల్లో నెమ్మదించిన చోట గట్టు వైపు చూడండి. ఎర్రమట్టి మనిషి ఎత్తుకు మించి ఉంటుంది, కింద మెత్తబడిన రాయి, ఇంకా కిందకు పోతేనే గట్టి రాయి. అది ఖొండలైట్ అనే రాయి. తేలిగ్గా శిథిలమై లోతైన నేలనిస్తుంది. నేల లోతుగా ఉంది, చలి సరిపడా ఉంది కాబట్టే ఆ ఎత్తులో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ. ఇప్పుడు తిరుమల ఘాట్ రోడ్డు. అక్కడ క్వార్ట్జైట్, బండలు బండలుగా, పలకలు పలకలుగా. అంత తేలిగ్గా కరగదు. గట్టు మీద మట్టి చాలాచోట్ల జానెడు. వేళ్లు రాతి పగుళ్లలోకి దూరి బతకాలి. ఆ నేల మీదే ఎర్రచందనం! శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, ఆ చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది సహజంగా పెరగదు. భారత అడవుల రకాలకు ఛాంపియన్, సేథ్ చేసిన 1968 వర్గీకరణలో దానికి 5ఏ/సీ2 అని ప్రత్యేక నంబరే ఉంది. అదే కొండలో కాస్త దిగి వాగు ఒడ్డుకు చేరితే ఏరుమద్ది, నేరేడు కనిపిస్తాయి. వాన మారలేదు, నీరు నిలిచే చోటు మారింది.

జియాలజీ వాళ్లకు ఆ ఘాట్ రోడ్డులోనే ఇంకో బహుమతి ఉంది. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ, అంటే రెండు రాతి పొరల మధ్య కాలం తెగిపోయిన గీత, అక్కడే బయటపడి కనిపిస్తుంది. దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ మీద సుమారు 160 కోట్ల ఏళ్ల నగరి క్వార్ట్జైట్ కూర్చుంది. మధ్యలో రాతి చరిత్రే లేదు. ఇది జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. ఒక్క రోడ్డుతో రెండు ఆప్షనల్స్‌కి సరుకు.

రాయికీ చెట్టుకీ ఉన్న లంకెను హిమాలయాలకూ పట్టుకెళ్లవచ్చు. చిర్ పైన్ కూడా క్వార్ట్జైట్, ఇసుకరాయి మీది పల్చటి బీద నేలలకు ఓర్చుకునే రకం. నైనిటాల్, ముస్సోరీ ప్రాంతాల్లో సున్నపురాయి మీద సైప్రస్ కనిపిస్తుంది. దేవదారుకు లోతైన నేల కావాలి, కానీ నీరు నిలవకూడదు. రాతి పొరలు ఎటు వంగి ఉన్నాయన్నది కూడా రాయండి. పొర వంపు వెంట ఉన్న వాలు మీద మట్టి నిలుస్తుంది, తేమ పొరల వెంట దిగి వస్తుంది. పొరలు తెగి నిట్టనిలువుగా ఉన్న రెండో వైపు పొడిగా, బోడిగా ఉంటుంది. డిప్ స్లోప్, ఎస్కార్ప్‌మెంట్ అన్న రెండు మాటలు గీతతో సహా వేశారంటే ఆ జవాబు గుంపులో కలవదు.

ఎత్తుల పట్టిక పూర్తిగా వద్దనడం లేదు. క్రమం తెలియాలి. కింద సాల్, దాని పైన చిర్, ఆ పైన బాంజ్, తర్వాత దేవదారు, కైల్, ఆ తర్వాత స్ప్రూస్, ఫర్, ఖర్సు ఓక్, చివర భూర్జం, రోడోడెండ్రాన్ పొదలు, ఆపైన గడ్డి మైదానం. ఛాంపియన్, సేథ్ గ్రూపుల్లో 8 నుంచి 16 దాకా దాదాపు అంతా ఈ కొండల కథే. 9 చిర్, 11 తేమ కొండ అడవులు, అంటే షోలాలు కూడా, 12 హిమాలయ మాయిస్ట్ టెంపరేట్, 13 డ్రై టెంపరేట్, 14 సబ్ ఆల్పైన్, 15, 16 ఆల్పైన్ పొదలు. మధ్యలో మెలిక పడేది సూదులు, అంటే పైన్ చెట్ల సూది ఆకులు. చిర్‌కు గుత్తికి మూడు, కైల్‌కు అయిదు. తినే గింజలిచ్చే చిల్‌గోజా పైన్‌కూ మూడే.

చెట్ల హద్దు, అదే ట్రీలైన్, శీతాకాలపు చలి వల్ల ఏర్పడుతుందని రాసేవాళ్లు ఎక్కువ. నిద్రలో ఉన్న భూర్జం ఆ చలిని తట్టుకుంటుంది. అసలు ఇబ్బంది వేసవిది. పెరగడానికి సరిపడా వెచ్చటి రోజులు దొరకవు. అత్యంత వెచ్చటి నెల సగటు 10 డిగ్రీలున్న రేఖకు దగ్గరగా ట్రీలైన్ నడుస్తుందన్న పాత సూత్రం రాయండి, దానికి గాలి, మంచు బరువు, పశువుల మేత జోడించండి. ఫర్, స్ప్రూస్ శంకువు ఆకారం, వాలు మీది చెట్ల మొదళ్లు మంచు తోపుడుకు వంగి ఉండటం కూడా ఇక్కడే వస్తాయి.

సిల్వర్ ఫర్ పునరుత్పత్తి ఎందుకు దెబ్బతింటోంది అన్నదాన్ని మాత్రం వదలొద్దు. నా లెక్కలో సైట్ ఫ్యాక్టర్స్ మొత్తాన్ని ఒకే జవాబులో చూపించగల ప్రశ్న అది. చల్లటి చోటు కావడంతో రాలిన ఆకు త్వరగా కుళ్లదు. మట్టిలో కలవని మందపాటి ముడి హ్యూమస్ పొరగా పేరుకుంటుంది. గింజ దాని మీదే మొలుస్తుంది, వేరు కింది అసలు మట్టిని అందుకోకముందే వేసవి వస్తుంది, పై పొర ఎండుతుంది, మొలక చస్తుంది. పై చెట్ల కొమ్మల పందిరి తెరిచి వెలుతురిస్తే మొలక కంటే ముందు కలుపు లేస్తుంది. అది కూడా దాటితే గొర్రెలు, పశువులు. వాతావరణం, నేల, జీవులు, మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. కారణాలు చెప్పాక పరిష్కారాలు వాటంతటవే వస్తాయి: హ్యూమస్ గోకి మట్టి తేల్చడం, కలుపు తీయడం, మేతకు మూసేయడం, నర్సరీ మొక్క నాటడం.

మనిషి పాత్ర రాసేటప్పుడు ఉపన్యాసం వద్దు, జరిగేది రాయండి. బాంజ్ కొమ్మలను పశువుల మేతకు, వంటచెరకుకు నరుకుతారు. పందిరి పలచబడుతుంది, నేల ఎండుతుంది. దక్షిణ వాలు నుంచి చిర్ గింజలు ఎగిరొస్తాయి. చిర్ సూదులు ఎండాకాలంలో అంటుకుంటాయి. మందపాటి బెరడున్న చిర్ బతుకుతుంది, బాంజ్ మొలక పోతుంది. అలా హద్దు జరుగుతుంది. దీని పక్కనే చెట్లను కౌగిలించుకుని నరకనివ్వని 1973 చిప్కో ఉద్యమం, వెయ్యి మీటర్లకు పైన పచ్చని చెట్ల నరికివేతను ఆపిన 1981 నిర్ణయం, ఊరి అడవిని ఊరివాళ్లే చూసుకునే కుమావూ వన పంచాయతీలకు వీలు కల్పించిన 1931 నియమాలు పెడితే రెండో పేపర్లో పాలసీ ప్రశ్నకూ పనికొస్తాయి.

సైట్ క్వాలిటీ, అంటే ఆ చోటుకు చెట్లను పెంచే సత్తువ ఎంత అన్నది అడిగితే టాప్ హైట్ (పెద్ద చెట్ల ఎత్తు) అని రాసి ఆగకండి. వ్యాసం ఎందుకు కాదు, ఎత్తే ఎందుకు అన్నది రాయాలి. చెట్లు ఒత్తుగా ఉంటే సన్నగా, పలచగా ఉంటే లావుగా పెరుగుతాయి. ఎత్తు మీద ఆ ప్రభావం చాలా తక్కువ, కాబట్టి నేల సత్తువను అదే చెబుతుంది. ఎత్తును పోల్చాలంటే చెట్టు వయసు తెలియాలిగా అంటారా? దేవదారు, కైల్ లాంటి వాటికి వార్షిక వలయాలు స్పష్టంగా ఉంటాయి.

జవాబు రాసే పద్ధతి గురించి నా దగ్గర ఉన్నది ఒకే అలవాటు. ప్రతి కొండ ప్రశ్నకూ ముందు ఒక త్రికోణం గీస్తాను, ఎడమ దక్షిణం, కుడి ఉత్తరం. చెట్లను వాటి చోట్ల పెడతాను, కింద నేల మందాన్ని గీతతో చూపిస్తాను, లోయ అడుగున చలిగాలి బాణం. మూడు నిమిషాల పని. రాయాల్సిన పాయింట్లన్నీ ఆ బొమ్మలోంచే వస్తాయి. మెయిన్స్ అంతా ఇంగ్లిష్‌లోనే రాయాలి కదా, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు బొమ్మ ఇంకా ఎక్కువ అక్కరకొస్తుంది. ఆలోచన తెలుగులో సాగనివ్వండి, బొమ్మలో సర్దండి, వాక్యాలు పొట్టిగా రాయండి.

కోల్డ్ డెజర్ట్ (చలి ఎడారి) టాపిక్‌ను దీని వెంటనే చదివేయండి, సగం సరుకు తయారుగా ఉంటుంది. మాన్‌సూన్‌ను కొండలు ఆపేస్తే వెనక లాహౌల్, స్పితి ఎండిపోయాయి. వాటి అంచున కిన్నౌర్‌లో చిల్‌గోజా, జూనిపర్. చిల్‌గోజా గింజ ఖరీదైనది కాబట్టి కాయలన్నీ కోసేస్తారు, మొలకెత్తడానికి మిగిలేది కొద్ది. నాటడానికి వాగుల వెంట విల్లో, పోప్లర్, బీడులో సీబక్‌థార్న్. సీబక్‌థార్న్ వేళ్లలో ఫ్రాంకియా అనే బ్యాక్టీరియాతో నత్రజనిని పట్టుకుంటుందన్న ఒక్క వాక్యం నేలల జవాబులో కూడా వాడుకోవచ్చు.