ట్రాకర్ చూసుకుంటుందట

మామయ్యగారి దగ్గు ఈ రాత్రి కాస్త నెమ్మదించింది, పెద్దది పుస్తకం మీదే నిద్రపోయింది, నాకు మాత్రం కునుకు పట్టడం లేదు. పొద్దున ఫిట్-అప్ బేలో (వెల్డింగుకు ముందు ప్లేట్లను జతచేసి నిలిపేచోట) విన్న ఒక మాట ఇంకా చెవిలో తిరుగుతోంది. బాక్స్ గర్డర్ అంటే పెట్టెలా కట్టే ఉక్కు దూలం, దాని వెబ్‌కూ (నిలువు ప్లేటుకూ) అడుగు ప్లేటుకూ మధ్య సందు కొలిచే టేపర్ గేజ్ పెట్టి చూస్తే ఒకచోట సందు 4 మిల్లీమీటర్లు వచ్చింది. ఇదేమిటని అడిగితే ఆ కుర్ర ఫిట్టరు, "పర్లేదు మేడం, ట్రాకర్ చూసుకుంటుంది" అన్నాడు.

ట్రాకర్ అంటే మా వెల్డింగ్ యంత్రానికి దారి చూపే సెన్సరు. అది చూసేది అతుకు ఎటు పోతోందన్న సంగతి ఒక్కటే. ప్లేట్ల మీద లేజర్ గీత పడుతుంది, వాలుగా అమర్చిన కెమెరాకు ఆ గీత మూల దగ్గర విరిగి కనిపిస్తుంది, ఆ విరుపును బట్టి వెల్డింగ్ టార్చ్ జరుగుతుంది. ఆర్క్ వెలుగులో గీత మునిగిపోకుండా లేజర్ రంగును మాత్రమే రానిచ్చే ఫిల్టర్ కెమెరా ముందు ఉంటుంది. ఇంతవరకు అది చక్కగా చేస్తుంది. కానీ సందు పెరిగినచోట వేగం తగ్గించి ఎక్కువ లోహం నింపే ఏర్పాటు మా ప్రోగ్రాంలో లేదు. ఎ.డబ్ల్యు.ఎస్. డి1.1 అనే అమెరికా ఉక్కు వెల్డింగ్ ప్రమాణం ప్రకారం సందు 2 మిల్లీమీటర్లు దాటితే ఫిల్లెట్ (మూలలో పడే వెల్డు) లెగ్‌ను, అంటే దాని పక్క కొలతను, సందు మేరకు పెంచాలి, అంటే ఇక్కడ 8 ఉండవలసినది 12 కావాలి. ట్రాకర్ 8 వేసుకుంటూ పోతుంది, పైనుంచి గేజ్ పెట్టిన ఇన్‌స్పెక్టరుకు 8 సరిగ్గా దొరుకుతుంది, లోపల బలం తగ్గిన సంగతి ఎవరికీ తెలియదు. సందు పెరిగితే ట్యాకులు (ప్లేట్లను తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డులు) కూడా లావుగా పడతాయి. లావు ట్యాకు దగ్గర మూల పూడిపోయి లేజర్ గీత తీరే మారిపోతుంది, టార్చ్ పక్కకు తొలగుతుంది. అప్పుడు తప్పంతా యంత్రం మీదకు పోతుంది.

విశాఖలో ట్రైనీగా ఉన్నప్పుడు సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ మిషను దగ్గర పనిచేసిన ఆపరేటరును మేమంతా బాబాయ్ అనేవాళ్ళం. ఆ పద్ధతిలో ఆర్క్ ఫ్లక్స్ పొడి కింద ఉంటుంది, కంటికి కనిపించదు. అందుకని వైరుకు ముందు ఒక ముల్లు బిగించి, అది అతుకు మీదనుంచి తొలగకుండా చేతిచక్రం తిప్పుతూ నడవాలి. ముల్లు తొలగిన వెంటనే చక్రం తిప్పితే వెనకనున్న వైరు ముందే పక్కకు పోతుందని, వైరు అక్కడికి చేరేదాకా ఆగాలని ఆయన నేర్పారు. ఈనాటి సెన్సరు చేసేదీ అదే. మా దగ్గర అది టార్చ్‌కు 40 మిల్లీమీటర్లు ముందుంటుంది, టార్చ్ నిమిషానికి 400 మిల్లీమీటర్లు నడుస్తుంది, కాబట్టి చూసినదాన్ని ఆరు సెకన్లు దాచుకుని అప్పుడు టార్చ్‌ను జరుపుతుంది. అయితే బాబాయ్ మరొక పని చేసేవారు. ఫ్లక్స్ పోయకముందే అతుకు పొడుగునా నడిచి, సందు ఎక్కువున్నచోట సుద్దముక్కతో సున్నా చుట్టి, స్టూలు మీద కూర్చునేవారు. ఫోర్‌మన్ వచ్చి గొంతు పెంచినా లేచేవారు కాదు. ఫిట్టర్లు వచ్చి ప్లేటు బిగించాకే మిషను స్విచ్ వేసేవారు. ఆ పనిని ఏ సెన్సరుకూ ఎవరూ అప్పగించలేదు.

ఇంతవరకు రాశాక ఆ కుర్రాడి మీద కోపం నిలవడం లేదు. అతనికి ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? ట్రాకర్ డెమో రోజున అమ్మకందారు ప్రతినిధి "ఇక ఫిట్-అప్ గురించి బెంగ అక్కర్లేదు" అన్నప్పుడు మా పెద్దలంతా తలలూపారు. ఆ తరువాత షిఫ్టుకు కట్టవలసిన గర్డర్ల సంఖ్య పెంచారు, ఫిట్టర్లను మాత్రం పెంచలేదు. జాకీ పెట్టి ప్లేటును దగ్గరకు లాగడానికి అతనికి సమయం ఎవరు ఇచ్చారు?

యంత్రాన్ని పంపించేయమని కూడా నేను అనను. మధ్యాహ్నం మరో గర్డర్‌కు ఒకవైపు వెల్డింగ్ అయ్యాక ప్లేటు వేడికి వంగింది, రెండోవైపు ట్రాకర్ ఆ వంపు వెంబడే చివరిదాకా పోయింది. ప్రీహీట్ చేసిన (వెల్డింగుకు ముందే వేడిచేసిన) ప్లేటు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని హెల్మెట్‌లో ఉడికిపోవలసిన వెల్డరు ఈరోజు దూరంగా నిలబడి చూశాడు. నాకు నిజంగా సంతోషమేసింది.

రేపు ఆ 4 మిల్లీమీటర్ల గర్డర్‌ను వెనక్కి పంపాలి. ట్యాకులు కోసి, ప్లేటు లాగి, మళ్ళీ కట్టడానికి ఒక పూట పడుతుంది, ఆ పూటను ఫిట్టర్ల ఖాతాలో కాకుండా ప్లానింగ్ ఖాతాలో రాయమంటాను. సందు 2 మిల్లీమీటర్లు దాటిన గర్డర్‌ను ఎవరినీ అడగకుండా తిప్పిపంపే అధికారం ట్రాకర్ ఆపరేటరుకు కాగితం మీద ఉండాలని కూడా అడుగుతాను. పదింటి మీటింగులో ఒప్పుకోకపోతే పై మేనేజరు దగ్గరికి వెళ్తాను.