అడిగి వెళ్ళిపోయినవాళ్ళ నోటుబుక్కు

షాపు తెరిచి ఈ శనివారానికి 26 వారాలు. వారమంతా ఉద్యోగం. శుక్రవారం సాయంత్రం మూడు గంటలు, శని ఆదివారాలు పగలంతా షాపు. భాష సరిగ్గా రాని పరాయి ఊళ్ళో, 18 చదరపు మీటర్ల గదిలో పుస్తకాలు అమ్మడమేంటని అడిగేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఇంకా మంచి జవాబు లేదు. లెక్కలు మాత్రం వారం వారం రాసిపెట్టుకున్నాను. పోయిన డబ్బులో సగం ఎవరైనా ముందే చెప్పి ఉంటే పోయేది కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

తెరవకముందు

గది వెతికే ముందే కనుక్కోవాల్సిన సంగతి, మన నివాస అనుమతి మీద సొంత వ్యాపారం చేయొచ్చా లేదా అన్నది. ఉద్యోగం చూపించి తెచ్చుకున్న అనుమతి చాలా దేశాల్లో ఆ ఉద్యోగానికే చెల్లుతుంది. నేను అడ్వాన్సు కట్టేశాక తీరిగ్గా అడిగాను. కాగితం చేతికి వచ్చేసరికి తొమ్మిది వారాలు పట్టింది. ఆ తొమ్మిది వారాలూ తాళం వేసిన గదికి అద్దె కట్టాను.

రెండోది ధరల చట్టం. కొత్త పుస్తకాలు కూడా పెట్టాలనుకుంటే ఇది తెలుసుకోకుండా అడుగు వేయకూడదు. ఫ్రాన్స్‌లో 1981 చట్టం ప్రకారం కొత్త పుస్తకం ధర ప్రచురణకర్తే నిర్ణయిస్తాడు, షాపువాళ్ళు మామూలుగా 5 శాతానికి మించి తగ్గించడానికి లేదు. జర్మనీలోనూ ఇలాంటి చట్టం 2002 నుంచి ఉంది. బ్రిటన్‌లో ఉన్న ఒప్పందం 1990లలో చెదిరిపోయింది, ఇప్పుడు ఎవరి ధర వాళ్ళది. ఇలాంటి కట్టడి చిన్న షాపుకి రక్షే, పక్క వీధిలోని పెద్ద షాపు సగం ధరకి అమ్మి మనల్ని మింగేయలేదు. అది లేని చోట కొత్త పుస్తకాలతో పోటీకి దిగకపోవడమే మేలని నా అభిప్రాయం. నా అరల్లో పదింట తొమ్మిది చేతులు మారినవే.

మొదటి నాలుగు వారాలు

అరలు నేనే కొట్టుకున్నాను. చిప్‌బోర్డు, 18 మిల్లీమీటర్ల మందం, ఒక్కో అర పొడవు 110 సెంటీమీటర్లు. నాలుగో వారానికి అన్నీ నడుములు వంచేశాయి. పుస్తకాలు మీటరు వరుసకి దాదాపు 30 కిలోలు తూగుతాయన్నది నేను ముందు వేసుకోని లెక్క. ఆ మందానికి 75 సెంటీమీటర్లు దాటకూడదు. చివరికి ప్రతి అరకీ మధ్యలో ఒక నిలువు చెక్క బిగించాను. లోతు 25 సెంటీమీటర్లు చాలు. అంతకన్నా లోతుంటే జనం పుస్తకాల్ని వెనక్కి తోసేస్తారు, ముందు ఖాళీలో ఇంకో వరుస పుట్టుకొస్తుంది, వెనక వరుసని ఇక ఎవరూ చూడరు. అరల్ని గోడకి బిగించడం మాత్రం మర్చిపోవద్దు.

ఇక వెన్నుల గొడవ. ఇంగ్లీషు పుస్తకాల వెన్ను మీద పేరు పైనుంచి కిందికి ఉంటుంది. ఫ్రెంచి, జర్మన్ పుస్తకాల్లో ఎక్కువగా కిందినుంచి పైకి. నేను భాషలన్నీ కలిపి విషయం వారీగా సర్దాను, గొప్ప ఆలోచన అనుకుంటూ. వచ్చినవాళ్ళు ఒక పుస్తకానికి తల కుడికి, ఇంకోదానికి ఎడమకి వంచి చూస్తుంటే గది నిండా కోడిపుంజులు తిరుగుతున్నట్టు ఉండేది. రెండు నిమిషాలు చూసి మెడ రుద్దుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. మూడో ఆదివారం రాత్రి కూర్చుని మొత్తం భాషల వారీగా మార్చేశాను. తర్వాత వారం జనం షాపులో ఉండే సమయం కళ్ళకి కనిపించేంతగా పెరిగింది.

అక్షరక్రమం కూడా అంత తేలిగ్గా తేలలేదు. నెత్తిన రెండు చుక్కలున్న ‘ఓ’ స్వీడిష్‌లో ‘జెడ్’ తర్వాత వస్తుంది, జర్మన్ నిఘంటువులో మామూలు ‘ఓ’తోనే కలిసిపోతుంది. ‘వాన్’ అని మొదలయ్యే ఇంటిపేరుని నెదర్లాండ్స్‌లో ‘వాన్’ వదిలేసి తర్వాతి అక్షరం కింద పెడతారు, బెల్జియం వాళ్ళు ‘వి’ కిందే పెడతారు. ఏ భాష అరకి ఆ భాష పద్ధతే పాటించాలని ఇప్పుడు నిర్ణయించుకున్నాను.

5 నుంచి 12 వారాలు

అమ్మినవి ఎలాగూ గల్లా లెక్కలో ఉంటాయి. ఐదో వారం నుంచి ఇంకో నోటుబుక్కు పెట్టాను, అడిగి లేదనిపించుకుని వెళ్ళిపోయినవాళ్ళ కోసం. తేదీ, ఏం అడిగారు, ఏ భాషలో, అంతే. ఈ షాపుకి నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే.

తెరిచేటప్పుడు నాకిష్టమైన యాత్రా కథనాలకి రెండు నిండు అరలు ఇచ్చాను. ఎనిమిది వారాల్లో అందులోంచి నాలుగు పుస్తకాలు కదిలాయి. అదే ఎనిమిది వారాల్లో నోటుబుక్కులో 74 మంది చేరారు. అందులో 31 మంది అడిగింది ఈ ఊరి భాషలోనే, తేలిక మాటల్లో ఉన్న చిన్న పుస్తకాలు. బయటినుంచి వచ్చి భాష నేర్చుకుంటున్నవాళ్ళు వీళ్ళు. అంటే అచ్చం నాలాంటివాళ్ళు! నాకు ఏం కావాలో నాకే తట్టకపోవడం విచిత్రం. ఇంకో 18 మంది పిల్లల కోసం రెండు భాషల పుస్తకాలు అడిగారు, ఒక పేజీలో ఇంటి భాష, ఎదురు పేజీలో బడి భాష. పరాయి ఊరొచ్చినవాళ్ళు తమ భాషలో పెద్ద నవలలు వెతుక్కుంటూ వస్తారని నేను ఊహించుకున్నాను. అలా వచ్చినవాళ్ళు ఆరుగురు.

యాత్రా కథనాలు ఇప్పుడు సగం అరకి తగ్గాయి. దాన్ని చూసినప్పుడల్లా కాస్త బాధగానే ఉంటుంది.

నోటుబుక్కు చూశాకే తేలిక పుస్తకాలు కొన్ని కొత్తవి తెప్పించాను. డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడేటప్పుడు కమీషన్ శాతం కన్నా రిటర్న్ గడువు ముఖ్యం. నాకు 35 శాతం, మూడు నెలల్లో తిరిగి ఇచ్చేయొచ్చు. మొదట 40 శాతం ఇస్తామన్నారు కానీ రిటర్న్ లేదు. కదలని పుస్తకం మీద 40 శాతం అంటే సున్నా కదా. వెనక్కి పంపే ఖర్చు మాత్రం నాదే. అది మొదటి పార్సిల్ కట్టినప్పుడు తెలిసింది.

పాత సరుకు ఎక్కడినుంచి

ఊరు వదిలి వెళ్ళేవాళ్ళ దగ్గరినుంచి. రెండు మూడేళ్ళ ఒప్పందాల మీద వచ్చినవాళ్ళు సామాను సర్దుకునేటప్పుడు విమానం సూట్‌కేసు బరువు 23 కిలోల దగ్గర ఆగుతుంది. ముందు బయటికి వచ్చేవి పుస్తకాలే. నేను అమ్మే ధరలో నాలుగో వంతు నగదు ఇస్తాను. మొదట్లో నగదు బదులు మూడో వంతుకి క్రెడిట్ స్లిప్పు, అంటే నా షాపులోనే ఆ విలువకి పుస్తకాలు కొనుక్కునే చీటీ, ఇస్తానని బోర్డు పెట్టాను. రేపు విమానం ఎక్కేవాడికి నా షాపు క్రెడిట్ ఎందుకో ఆ బోర్డు రాసేటప్పుడు ఆలోచించలేదు.

పద్నాలుగో వారంలో ఒకాయన మూడు డబ్బాలు దింపి, మొత్తం తీసుకుంటే సగం ధరకే ఇస్తానన్నాడు. పై వరుస చూసి ఒప్పుకున్నాను. మధ్య డబ్బా అడుగు చేత్తో తడితే చల్లగా ఉంది. నేలమాళిగ తేమ. పుస్తకాలు తెరిస్తే వెండి రంగు పురుగులు పేజీల మధ్యనుంచి జర్రుమని జారాయి. అప్పటికే కొన్ని అరల్లోకి ఎక్కించేశాను.

అన్నీ ఏరి ప్లాస్టిక్ సంచుల్లో గాలి తీసి కట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచాను. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకూడదు, చల్లటి అట్ట మీద గాలిలోని తేమ నీళ్ళై దిగుతుంది. ఒక రోజంతా గదిలో అలాగే వదిలి అప్పుడు విప్పాలి. ముక్కిపోయిన వాసన ఉన్నవాటిని మూత ఉన్న డబ్బాలో గిన్నెడు వంటసోడాతో పది రోజులు ఉంచితే చాలావరకు తగ్గింది. బూజు మచ్చలు పాకినవి ఎనిమిది పారేశాను. ఇప్పుడు షాపులో తేమ మీటరు ఉంది, 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే నిశ్చింత. కొత్తగా వచ్చిన డబ్బా ఏదైనా రెండు వారాలు వెనక గదిలో విడిగా ఉంటుంది, ఎంత మర్యాదస్తుడు తెచ్చినా సరే.

లిస్టు తంటా

స్టాక్ లిస్టు ఐఎస్‌బిఎన్ నంబర్లతో, అంటే పుస్తకాల మీద అచ్చేసే గుర్తింపు నంబర్లతో, రాసుకుంటున్నాను. 2007 నుంచి వచ్చే పుస్తకాలకి 13 అంకెలు, అంతకుముందువాటికి 10. పాతవాటి ముందు 978 తగిలిస్తే సరిపోతుందనుకుని 200 దాకా ఎక్కించాను. దాదాపు అన్నీ తప్పు. చివరి అంకె మిగతావాటిని బట్టి వచ్చే తనిఖీ అంకె, 13 అంకెల పద్ధతిలో దాన్ని మళ్ళీ లెక్క కట్టాలి. పాత నంబరు 0306406152 అనుకోండి. చివరి 2 తీసేసి ముందు 978 పెడితే 978030640615. వీటిని వరుసగా ఒకసారి 1తో, ఒకసారి 3తో గుణించి కూడితే 93. తర్వాతి పదికి అంటే 100కి ఎంత తక్కువ? 7. అదే చివరి అంకె. పాత నంబరు చివర ‘ఎక్స్’ ఉంటే అది పది, దాన్నీ తీసేయాల్సిందే. ఈ సూత్రం స్ప్రెడ్‌షీట్‌లో పెట్టాక పది నిమిషాల్లో తేలిపోయింది. ఈ నంబర్ల పద్ధతి రాకముందు అచ్చయినవాటికి నా సొంత నంబర్లే.

ధర స్టిక్కర్ మీద కాదు, మెత్తటి 2బి పెన్సిల్‌తో, మొదటి ఖాళీ పేజీ పై మూలలో. స్టిక్కర్ పీకితే అట్ట రంగు కూడా వస్తుంది. ధర కింద చిన్నగా అరకెక్కిన వారం సంఖ్య రాస్తాను. 20 వారాలు దాటితే సగం ధర.

అద్దెకివ్వడం

1919లో పారిస్‌లో సిల్వియా బీచ్ అనే అమెరికన్ మహిళ షేక్‌స్పియర్ అండ్ కంపెనీ తెరిచినప్పుడు అది అమ్మకాల షాపు మాత్రమే కాదు, చందా కట్టి పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళే లైబ్రరీ కూడా. అది చదివాక నాకూ ధైర్యం వచ్చింది. పిల్లల పుస్తకాలు ఎలాగూ నాలుగు వారాల్లో పాతబడతాయి. పద్దెనిమిదో వారం నుంచి పుస్తకం ధర డిపాజిట్, నెలకి చిన్న చందా. ఇప్పటికి 22 కుటుంబాలు. రెండు పుస్తకాలు తిరిగి రాలేదు, డిపాజిట్‌తో సరిపోయింది. అద్దెలో మూడో వంతు ఈ చందాలతోనే గడుస్తోంది. మిగతాది అమ్మకాలతో వస్తే సరే, రాని నెల జీతంలోంచి పోతుంది.

ఈ వారం

నిన్న ఊరు వదిలి వెళ్తున్న ఒకమ్మాయి రెండు సంచులు తెచ్చింది. తేలిక పుస్తకాల్లో ఒకటి తెరిస్తే పై మూలలో నా చేతిరాత, కింద 6 అని అంకె. ఆరో వారంలో అరకెక్కింది, నా దగ్గరే కొన్నదన్నమాట. పేజీల అంచుల్లో పెన్సిల్‌తో కష్టమైన మాటలకి అర్థాలు రాసుకుంది, 40వ పేజీ దాటాక ఆ రాతలు బాగా తగ్గిపోయాయి. తుడిచేయనా అని రబ్బరు కోసం వెతుకుతుంటే ఆ అమ్మాయే వద్దంది, తర్వాతవాళ్ళకి పనికొస్తాయని. నోటుబుక్కు తీసి చూశాను, అదే పుస్తకం పోయిన నెల ఇద్దరు అడిగి వెళ్ళారు. అందులో ఒకాయన ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు. పాత ధర కొట్టేసి కింద కొత్తది, వారం 26 అని రాసి ఫోన్ చేశాను. ఆదివారం పది గంటలకి వస్తానన్నాడు.