పది అడుగుల గదిలో పాట

ఒడిశాలోని పర్లాకిమిడిలో మేముండే సందులో ఇళ్లు ఒకదానినొకటి ఆనుకొని, వీధివైపు ఇరుకుగా, వెనక్కి పొడవుగా ఉంటాయి. మా ముందుగది వెడల్పు పది అడుగులు, పొడవు పన్నెండు అడుగులు, శ్లాబు ఎత్తు కూడా పది అడుగులే. ఎడమవైపు గోడ మాకూ పక్కింటి ఒడియా కుటుంబానికీ ఉమ్మడి గోడ. ఇంట్లో పాటలు వినడానికి హెడ్‌ఫోన్లు మంచివా, స్పీకర్లు మంచివా అని మిత్రులు అడిగినప్పుడల్లా నేను ముందుగా గది కొలతలు అడుగుతాను, ఆ తర్వాత ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడుగుతాను. ధర, కంపెనీ పేరు ఆ తర్వాత చూసుకోవలసినవి. ఈ వరుస నాకు ముందే తెలిసి ఉంటే కొంత డబ్బూ, ఒక పెద్ద బెంగా తప్పేవి.

నేను మొదట కొన్నది నడుమెత్తు స్పీకర్ల జత. పెద్ద ఊరిలోని ఒక దుకాణంలో, మా ఇల్లంత విశాలమైన హాలులో వాటిని వినిపించారు. మృదంగం ఎడమవైపు మూతకు రవ్వముద్ద అంటించిన తర్వాత వచ్చే ఆ లోతైన గుంకారం అక్కడ నేలలోంచి పుట్టినట్టు వినిపించింది, నేను మారుమాట లేకుండా డబ్బు కట్టేశాను. మీ గది ఎంత అని దుకాణదారు అడగలేదు, చెప్పాలని నాకూ తోచలేదు. ఇంటికి తెచ్చి రెండు మూలల్లో నిలబెట్టి సినిమా పాట పెడితే, బేస్ గిటారు ఒకే ఒక్క స్వరం దగ్గర గది మొత్తం గుమ్మని మోగేది, దాని పక్క స్వరాలు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. మా ఊరి పనివాళ్లు పశువుల కొమ్మును అరగదీసి నునుపు చేసి తయారుచేసే కొంగబొమ్మ ఒకటి మా అలమరలో ఉంది. ఆ స్వరం వచ్చిన ప్రతిసారీ ఆ కొంగ తన చెక్కపీట మీద టకటకమని వణికేది, స్వరం మారగానే కదలకుండా నిలబడేది. స్పీకర్లలో ఏదో లోపముందని వారం రోజులపాటు అనుకున్నాను.

లోపం గదిలో ఉంది. మన వేడికి శబ్దం గాలిలో సెకనుకు సుమారు 345 మీటర్లు ప్రయాణిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం ఒక స్వరపు అల పొడవులో సరిగ్గా సగం అయినప్పుడు, వెళ్లే అలా తగిలి తిరిగివచ్చే అలా ఒకదానిలో ఒకటి కలిసి నిలబడిపోతాయి. అప్పుడు ఆ స్వరం గోడల దగ్గర ఉబ్బిపోతుంది, గది నడిమధ్యన దాదాపు మాయమవుతుంది. పది అడుగులంటే మూడు మీటర్ల పైచిలుకు కాబట్టి, మా గదికి ఆ లెక్క 56, 57 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు అన్ని కంపనాల దగ్గర తేలుతుంది. బేస్ గిటారులో కింది నుంచి రెండో తీగను వట్టిగా మీటితే వచ్చే స్వరం 55 హెర్ట్జ్. వెడల్పూ ఎత్తూ రెండూ పది అడుగులే కావడంతో ఒకే స్వరం అడ్డంగానూ నిలువుగానూ పేరుకుపోతోంది, పైగా స్పీకర్లను మూలల్లో పెట్టి దానికి నేనే మరింత బలం ఇచ్చాను. తలుపులకు మందమైన పరదాలు కట్టి చూశాను. అవి పైస్వరాల గలగలను కొంత అణిచాయి కాని మంద్రాన్ని ఏమీ చేయలేకపోయాయి.

ఆ గుమ్మనే మోత మా గదిలోనే ఆగలేదు. ఒక రాత్రి తొమ్మిదిన్నరకు పక్కింటి మౌసీ (ఒడియాలో పిన్నిని అలా పిలుస్తారు) గుమ్మం దగ్గరికి వచ్చి, “పాట మంచిదే బాబూ, పాటైతే మాకూ ఇష్టమే. కాని మాకు పాట రావడంలేదు, గోడలోంచి ఆ దుమ్ దుమ్ ఒక్కటే వస్తోంది. మా పిల్లకు ఈ ఏడు మెట్రిక్ కదా” అని నెమ్మదిగా చెప్పింది. ఆమె చెప్పినది అక్షరాలా నిజం. ఇటుకగోడ పైస్వరాలను బాగానే ఆపుతుంది, కింది స్వరాలను మాత్రం అంతగా ఆపలేదు. కాబట్టి అవతలివాళ్లకు పాటలోని అందమంతా తీసేసి మోత ఒక్కటే అందుతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు శబ్దం 45 డెసిబెళ్లు (శబ్ద తీవ్రతకు కొలమానం) దాటకూడదు, పగలైతే 55. ఉమ్మడి గోడ ఉన్నచోట ఆ అంకెల దాకా వెళ్లనక్కరలేదు. పదో తరగతి పిల్ల చదువుకుంటోందంటే అంతకన్నా వేరే నిబంధన ఎందుకు? మర్నాడే ఆ స్పీకర్లను అమ్మడానికి పెట్టి, హెడ్‌ఫోన్లు కొన్నాను.

వాటితో మొదటి రెండు నెలలు నేను పొందిన ఆనందాన్ని తక్కువచేసి చెప్పడం అన్యాయమవుతుంది. చెవిని పూర్తిగా కప్పే రకం అది, నాలుగున్నర వేలు పడింది. అంత ధరలో అంత సూక్ష్మంగా వినిపించే స్పీకర్లు దొరకవు, ఎందుకంటే హెడ్‌ఫోను ఒక గదిని నింపనక్కరలేదు, చెవిముందున్న పిడికెడు గాలిని కదిలిస్తే చాలు. గది గోడలతో దానికి సంబంధమే లేదు. వయొలిన్‌మీద కమాను దిశ మారే క్షణం, గాయని ఆలాపనకు ముందు తీసుకునే ఊపిరి, తంబురా నాలుగు తీగల్లో ఒకటి కాస్త వెనకబడడం, ఇవన్నీ నేను ఎన్నో ఏళ్లుగా వింటున్న కచేరీల్లోనే ఉన్నాయని అప్పుడే తెలిసింది. సంగీతం నేర్చుకొనేవారికి, గమకాన్ని అక్షరం అక్షరంగా పట్టుకోవలసినవారికి హెడ్‌ఫోన్లకు మించిన సాధనం లేదని ఇప్పటికీ నా అభిప్రాయం.

అయితే ఒక వెలితి ఉండేది. పాట నా ఎదుట కాక నా తలలో జరుగుతున్నట్టు ఉండేది, గాయకుడు రెండు చెవుల నడుమ ఎక్కడో కూర్చున్నట్టు ఉండేది. స్పీకర్ల ముందు కూర్చున్నప్పుడు ఎడమ స్పీకరు శబ్దం కుడిచెవికి కూడా, సెకనులో వెయ్యోవంతుకన్నా తక్కువ ఆలస్యంతో, తల అడ్డుపడి కొంత మెత్తబడి చేరుతుంది. శబ్దం ఎటునుంచి వస్తోందో మెదడు ఈ చిన్న తేడాలతోనే పోల్చుకుంటుంది. హెడ్‌ఫోన్లలో ఎడమది ఎడమచెవికే, కుడిది కుడిచెవికే. ఈ భేదం కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. స్టీరియోకు 1931లో పేటెంటు దరఖాస్తు చేసిన ఆలన్ బ్లమ్లైన్ అనే ఇంగ్లండు ఇంజినీరు, రెండు చెవులకు విడివిడిగా అందించే శబ్దానికీ ఎదురుగా ఉన్న రెండు స్పీకర్లనుంచి వచ్చే శబ్దానికీ ఉన్న ఈ తేడానే ముందు పెట్టుకొని తన పద్ధతిని రూపొందించాడు. సంగీతాన్ని రికార్డు చేసి కూర్చేవారు కూడా ఎక్కువగా స్పీకర్ల ముందు కూర్చొనే ఆ పని చేస్తారు.

ఆ వెలితితో నేను సర్దుకుపోయేవాణ్ణే. నన్ను మార్చినది వేరొకటి. వానాకాలంలో ఒక సాయంత్రం అమ్మ పెరట్లో నుయ్యి గట్టు దగ్గర కాలుజారి పడింది. లేవలేక నన్ను పేరుపెట్టి పిలిచింది. నేను ముందుగదిలో, చెవులు మూసుకొని, ఒక రాగమాలిక చివరికి వచ్చి ఉన్నాను. ఎంతసేపు పిలిచిందో ఆమె సరిగా చెప్పలేదు, ఇప్పటికీ చెప్పదు. మౌసీకి ఆ పిలుపు వినిపించి, మా వీధితలుపు బాది, నేను అప్పటికీ పలకకపోతే కిటికీలోంచి కర్రతో నా భుజం తట్టింది. అమ్మ మడమ బెణికింది, ఇంకేమీ కాలేదు. కట్టు కట్టిస్తూ ఉండగా ఆమె, “నువ్వు ఇంట్లోనే ఉన్నావనుకొన్నాను నాయనా” అంది. అందులో నిష్ఠూరం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లా మీదుగా పోయినప్పుడు కరెంటు లేని రోజుల్లో మేమూ మౌసీవాళ్లూ కలిసి ఒక బ్యాటరీ రేడియో చుట్టూ కూర్చొన్నాం. అరచేయంత స్పీకరు, అందులో మంద్రమూ లేదు, తారమూ లేదు. అయినా ఆరుగురం ఒకేసారి విన్నాం, మధ్యలో మాట్లాడుకున్నాం. అమ్మ మాట విన్న ఆ రాత్రి నాకు ఆ రేడియో గుర్తుకు వచ్చింది.

రెండోసారి స్పీకర్లు కొన్నప్పుడు ఐదంగుళాల కోను (కదిలి శబ్దం పుట్టించే గరాటులాంటి భాగం) ఉన్న చిన్న జత తీసుకున్నాను. వాటిని ఎక్కడ పెట్టాలన్నది తేల్చుకోవడానికి మూడు ఆదివారాలు పట్టింది. టైలరింగు టేపు, సుద్దముక్క తీసుకొని ఇలా చేశాను. ముందు ఉమ్మడి గోడను పూర్తిగా విడిచిపెట్టి, వీధివైపు గోడ ముందుకు మార్చాను. మూలలనుంచి రెండేసి అడుగులు, స్పీకర్ల వెనకున్న ఆ గోడనుంచి అడుగున్నర దూరం ఇచ్చాను. పైస్వరాలు పలికే చిన్న కోను కుర్చీలో కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు రావాలి కాబట్టి, రెండు చెక్కస్టూళ్లమీద ఇటుకలు పేర్చి, వాటిపై పాత సైకిలుట్యూబు ముక్కలు పరిచి స్పీకర్లను పెట్టాను. రబ్బరు వల్ల వణుకు నేలకు, గోడకు దిగడం బాగా తగ్గింది. రెండు స్పీకర్ల మధ్య దూరమూ, ఒక్కొక్కదానినుంచి నా కుర్చీకి ఉన్న దూరమూ ఆరడుగులకు సమానంగా వచ్చేవరకు జరిపాను. చివరికి గాయకురాలి గొంతు రెండు పెట్టెల్లోంచి కాక వాటి నడుమ, గోడమీద క్యాలెండరు వేలాడుతున్న చోటునుంచి వచ్చింది. కొంగబొమ్మ వణకడం మానేసింది. మౌసీ ఇంటికి వెళ్లి గోడకు చెవి ఆనించి విన్నాను; మా ఇంట్లో పాట నడుస్తోందని తెలిసింది, అంతకు మించి ఏమీ లేదు.

ఈ చిన్న స్పీకర్లకు బేస్ తక్కువని చూసినవారంటారు. నిజమే, మా గదికి అదే మేలైంది. శబ్దం తగ్గించి విన్నప్పుడు కింది స్వరాలు ఇంకా పలచబడతాయి, అది స్పీకరు తప్పు కాదు. తక్కువ శబ్దంలో మంద్రాన్ని మన చెవే తక్కువగా గ్రహిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపారు. ఆ పలచదనాన్ని పూడ్చుకోవడానికి శబ్దం పెంచుతూ పోవడమే అసలు ప్రమాదం, హెడ్‌ఫోన్లలో అది మరీ సులువుగా జరుగుతుంది. వేసవిలో ఫ్యాను గిరగిరా తిరుగుతుంటే దానిని దాటడానికి ఒక గీత పెంచుతాం, ఫ్యాను ఆపినా ఆ గీత తగ్గించం. పెద్దలకు వారానికి నలభై గంటలపాటు 80 డెసిబెళ్లు, పిల్లలకు 75 డెసిబెళ్లు హద్దుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ సమయం సగానికి పడిపోతుంది, అంటే 90 దగ్గర వారానికి నాలుగు గంటలే. ఫ్యాను హోరు ఉన్న ఇంట్లో బయటి హోరును అణిచే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు ఆడంబరం కావు, అటువంటి నిలకడైన హోరునే అవి బాగా తగ్గిస్తాయి. వాటితో శబ్దం పెంచవలసిన అవసరం రాదు.

నా హెడ్‌ఫోన్లు వృథా కాలేదు. నాన్నకు వయసుతో పైస్వరాల వినికిడి తగ్గింది. అచ్చుల్లో ఇబ్బంది లేదు, స, ష, త వంటి హల్లులు మాత్రం జారిపోతాయి, అందుకే వార్తలు వింటూ “గట్టిగానే ఉంది, కాని ఏమంటున్నాడో తెలియడంలేదు” అనేవారు. టీవీ పెంచితే హోరు పెరుగుతుంది, హల్లు తేరదు. హెడ్‌ఫోన్లకు పొడవాటి వైరు వేసి ఇచ్చాను. బ్లూటూత్ జతచేసి చూస్తే పెదవుల కదలిక ముందూ మాట వెనకా అయింది, వైరే నయమనిపించింది. అయినా హెడ్‌ఫోను వైద్యం కాదు కాబట్టి బరంపురం తీసుకువెళ్లి వినికిడి పరీక్ష చేయించాను. ఇప్పుడు వినికిడి యంత్రం పెట్టుకొని మాతోపాటు స్పీకర్లలోనే వింటున్నారు.

ఇంట్లో ఒక్కరే ఉండేవారు, అద్దెగదుల్లో చదువుకొనేవారు, రాత్రిళ్లు మాత్రమే తీరిక దొరికేవారు నిస్సందేహంగా హెడ్‌ఫోన్లే కొనుక్కోవాలి. పెద్దవాళ్లున్న ఇంట్లో పగలు వినేవారు ముందు చిన్న స్పీకర్లు కొని, మిగిలిన డబ్బు హెడ్‌ఫోన్లకు దాచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. మా ఇంట్లో రాత్రి తొమ్మిది దాటాక హెడ్‌ఫోన్లు, అదీ ఒక చెవి కాస్త తెరిచి పెట్టుకొని వింటాను. పగలు ముందుగదిలో స్పీకర్లు. మొన్న సంక్రాంతికి ఇల్లు కడిగినప్పుడు నేలమీద నా సుద్దగీతలు చెరిగిపోయాయి. టేపు వెతుక్కుంటూ వచ్చేసరికి స్పీకర్ల స్టూళ్లు ఉండవలసిన చోట అమ్మ ముగ్గుపిండితో రెండు చుక్కలు పెట్టి ఉంచింది. కొలిచి చూశాను, సరిగ్గా ఆరడుగులు.