నాన్న వైపు తెర

ఆదివారం.

పొద్దున టిఫిన్ కాగానే కంప్యూటర్ బల్లని గోడ దగ్గర్నుంచి ముందుకు లాగాను. తమ్ముడు లాప్‌టాప్ కొనుక్కున్నాక వాడి పాత 19 అంగుళాల మానిటర్ అటకెక్కింది. దాన్ని దించి నా కంప్యూటర్‌కి తగిలించాలని నెల రోజులుగా అనుకుంటున్నాను. ఇవాళ కుదిరింది.

నాన్న తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. సాయంత్రాలు ఇద్దరం కూర్చుని, పాత పుస్తకాలని అందరూ ఉచితంగా చదువుకునేలా పెట్టే వికీసోర్స్ అనే వెబ్‌సైట్‌లో పుస్తకాలు దిద్దుతాం. ఒక పక్క స్కాన్ చేసిన పేజీ, ఇంకో పక్క దాన్నుంచి కంప్యూటర్ గుర్తుపట్టిన అక్షరాలు. థ ఉండాల్సిన చోట ధ వస్తుంది, అక్షరం పక్కన రావాల్సిన సున్న (ం) బదులు అంకె సున్నా (౦) వస్తుంది, అరసున్న అయితే చాలాసార్లు ఎగిరే పోతుంది. అన్నీ పోల్చి చూసుకుంటూ సరిచేయాలి. మేం దిద్దిన పేజీ పసుపు రంగుకి మారుతుంది, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది.

రెండూ ఒకే తెరలో పెట్టుకుంటే అక్షరాలు చీమల్లా కనపడతాయి. పెద్దవి చేస్తే లైను చివర తెర దాటిపోతుంది. శుక్లాల ఆపరేషన్ తర్వాత నాన్న చూపు బాగానే ఉంది. కానీ నా భుజం మీదుగా వంగి చూసీ చూసీ అరగంటకే మెడ పట్టేస్తుంది. "ఇవాళ్టికి చాల్లేమ్మా" అని లేచిపోతారు. ఆయనకింకా చదవాలనే ఉంటుందని నాకు తెలుసు. ఆ మాట విన్నప్పుడల్లా మనసుకి కష్టంగా ఉండేది.

పాత మానిటర్‌కి కేబుల్ పెట్టడానికి ఉన్నది నీలం రంగు పాతకాలపు వీజీఏ పోర్టు ఒక్కటే. ఇప్పటి కంప్యూటర్లలో ఉండే హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి వీజీఏకి మార్చే చిన్న అడాప్టర్ నిన్ననే తెచ్చుకున్నాను. కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు, అంటే మదర్‌బోర్డు మీదున్న హెచ్‌డీఎంఐకి పెడితే "నో సిగ్నల్" అని వచ్చింది. కేబుల్ పోయిందేమోనని కాసేపు టెన్షన్ పడ్డాను. విషయం అది కాదు. తెర మీది బొమ్మల కోసం విడిగా పెట్టే గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు చాలా కంప్యూటర్లలో మదర్‌బోర్డు వైపు పోర్టులు పనిచేయవు, బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవక ముందే వచ్చే సెట్టింగుల్లోకి వెళ్ళి ఆన్ చేసుకోవాలి. అంత దూరం పోకుండా రెండు మానిటర్లనీ కార్డుకే పెట్టేశాను. నా 24 అంగుళాలది కార్డు మీదున్న డిస్‌ప్లేపోర్టు అనే ఇంకో రకం పోర్టుకి, పాతది హెచ్‌డీఎంఐకి. రెండూ వెలిగాయి. రెండింట్లో ఒకే బొమ్మ వస్తుంటే విండోస్ మీటతో పాటు పి నొక్కి, రెండు తెరల్లో వేరువేరుగా కనపడేలా ఎక్స్‌టెండ్ పెట్టాను.

పుస్తకం పేజీ నిలువుగా ఉంటుంది కాబట్టి తెర కూడా నిలువుగా ఉంటే నాన్నకి పేజీ మొత్తం ఒకేసారి కనపడుతుందనుకున్నాను. పాతదాని స్టాండు తిరగదు. స్టాండు ఊడదీసి, పీట మీద నిలబెట్టి గోడకి ఆనించాను. సెట్టింగ్స్‌లో పోర్ట్రెయిట్, అంటే నిలువు అని పెట్టి నాన్నని పిలిచాను. కుర్చీలో కూర్చుని కాసేపు చూసి, "పేజీలో ఈ పక్క వెలిసిపోయినట్టుందేమ్మా" అన్నారు.

ఆయన కుర్చీలో నేను కూర్చుని చూశాను. నిజమే. తల కొంచెం పక్కకి జరిపితే చాలు, కాగితం రంగు మారిపోతోంది. అది టీఎన్ అనే పాత రకం తెర. అలాంటి తెరని పక్కల నుంచి చూస్తే కొంత నయం గానీ కింది నుంచి చూస్తే నల్లబడుతుంది, పై నుంచి చూస్తే తెల్లబోతుంది. నిలువుగా తిప్పేసరికి ఆ పైనా కిందా కాస్తా కుడీ ఎడమా అయ్యాయి. పక్కన కూర్చునే మనిషికి అది అసలు పనికిరాదు.

నా 24 అంగుళాలది ఐపీఎస్ అనే ఇంకో రకం తెర. ఎటు నుంచి చూసినా రంగు పెద్దగా మారదు, స్టాండు మీదే నిలువుగా తిరుగుతుంది. రెండేళ్ళ కిందట ఇష్టపడి కొనుక్కున్నాను. అది నాన్న వైపు పెట్టాను. పాతదాని స్టాండు మళ్ళీ బిగించి నా ముందుకి తెచ్చుకున్నాను. నాకు కావాల్సింది టైపు చేసే పెట్టె ఒక్కటే, దానికి అది చాలు.

నాన్న నా ఎడమ పక్కన కూర్చుంటారు. కంప్యూటర్ మాత్రం ఆ తెర కుడివైపు ఉందనుకుంటోంది. ఎడమకి పోవాలంటే మౌస్‌ని కుడికి తోయాల్సి వచ్చింది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అంకెలున్న పెట్టెలు కనపడతాయి కదా, వాటిని బల్ల మీద ఎలా ఉన్నాయో అలాగే అటూ ఇటూ జరిపాను. అయినా నాన్న తెర పై భాగంలో బాణం అంచు దగ్గరే ఆగిపోతోంది. ఆ తెర ఎత్తు 1920 చుక్కలు, నాది 900. పెట్టెలు ఆనుకున్నంత మేరే దారి. నా పెట్టెని ఆయన పెట్టెకి మధ్యలోకి తెచ్చాక ఆయన చదివే చోటు నుంచి బాణం తిన్నగా నా వైపు వచ్చేస్తోంది.

అయిదింటికి కాఫీ తాగి కూర్చున్నాం. నాన్న కుర్చీకి వీపు ఆనించి కూర్చున్నారు, అది చూడటమే నాకు కొత్త. ఒక్కో లైను పైకి చదువుతున్నారు, నేను నా తెరలో వెతుక్కుంటున్నాను. మూడో పేజీలో ఆగి, "అక్కడ ఏడు అని ఉందా?" అన్నారు. ఉంది. "ఇక్కడ అరసున్న ఉందమ్మా. ఏఁడు. ఏడంటే అంకె, ఏఁడంటే సంవత్సరం. అది పోతే అర్థమే మారిపోతుంది." వేలితో చూపించారు. ఆ పేజీ నేను మొన్న ఒక్కదాన్నే చూసి, బాగానే ఉందనుకుని వదిలేసింది. పెద్దగా చేసి చూస్తే డ పక్కన వెంట్రుకంత వంపు, పాత సిరాలో కొంచెం చెదిరి ఉంది.

సరిచేసి సేవ్ చేశాను. పేజీ పసుపు రంగుకి మారింది. ఎనిమిదవుతుంటే అమ్మ భోజనానికి పిలిచింది. నాన్న తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "ఈ ఒక్క పేజీ అయ్యాక వస్తాం" అన్నారు.