కాయ కాయని గంధరాజం, రోడ్రిగ్స్‌లో ఒంటి చెట్టు

బొబ్బిలిలో మా ఇంటి గంధరాజానికి కాయ పడటం నేనెప్పుడూ చూడలేదు. ముద్దపువ్వు కదా, కేసరాలు కూడా రేకులైపోయి ఉంటాయి, ఇక కాయ ఎక్కడిది! నాలుగు చినుకులు పడగానే అమ్మ కొమ్మలు విరిచి అడిగినవాళ్లకల్లా ఇస్తుంది, వాళ్లు మట్టిలో గుచ్చుకుంటారు. అలా మా వీధిలో ఉన్న ఏడెనిమిది మొక్కలూ నిజానికి ఒకే మొక్క.

మొన్న కెఫే మారోన్ అనే చెట్టు గురించి చదువుతుంటే ఇదే గుర్తొచ్చింది. గంధరాజం, నూరువరహాల్లాగే అదీ కాఫీ కుటుంబమే. పుట్టిల్లు మారిషస్ దేశానికి చెందిన రోడ్రిగ్స్ దీవి. (మారిషస్ మనకేం కొత్త కాదు, 19వ శతాబ్దంలో కోరంగి రేవులో ఓడలెక్కి చెరకు తోటల పనికి తెలుగువాళ్లు వెళ్లిందక్కడికే, ఇప్పటికీ అక్కడ ఉగాదికి సెలవు.)

అంతరించిపోయిందనుకున్న ఆ చెట్టుని 1980 ప్రాంతంలో ఒక బడిపిల్లాడు పట్టుకున్నాడు. మాస్టారు పాత బొమ్మ చూపిస్తే, ఇలాంటిది నేను చూశానని కొమ్మ తెచ్చాడట. అడవిలో మిగిలింది ఆ ఒక్కటే! ఆ చెట్టు మందు కొట్టిన మర్నాటి హ్యాంగోవర్‌కీ సుఖవ్యాధులకీ మందని జనం నమ్మకం, దాంతో కొమ్మలు విరిచేస్తుంటే చుట్టూ కంచె కట్టాల్సొచ్చింది.

1986లో కొమ్మలు లండన్‌లోని క్యూ గార్డెన్స్‌కి పంపారు. వేళ్లు పట్టాయి, నక్షత్రాల్లాంటి తెల్లపూలు పూశాయి, కాయ మాత్రం లేదు, ఏళ్ల తరబడి లేదు. పుప్పొడిని కీలాగ్రం (పువ్వు మధ్యలో పుప్పొడి అంటుకునే కొన) మీద పెట్టినా లోపలికి దిగేది కాదు. కార్లోస్ మగ్దలేనా అనే ఆయన కీలాగ్రం కోసి మరీ పుప్పొడి పెట్టడంలాంటి తంటాలు ఎన్నో పడి, చివరికి 2003లో కాయ చూశాడు. అంత ఓపిక నాకైతే లేదు.

అసలు తమాషా గింజలు మొలిచాక బయటపడింది. పిల్లమొక్కకి సన్నగా పొడుగ్గా గోధుమరంగు ఆకులు, పెద్దయ్యాకేమో గుండ్రంగా పచ్చగా ఉండేవి, రెండూ పక్కపక్కన పెడితే వేరే చెట్లనుకుంటాం. ఒకప్పుడు దీవిలో తిరిగిన పెద్ద తాబేళ్లు మేసెయ్యకుండా ఈ ఎండుటాకు వేషం అని ఒక ఊహ. ముదురు కొమ్మ గుచ్చితే ముదురు ఆకులే వస్తాయి, అందుకే అన్నేళ్లూ క్యూ గార్డెన్స్‌లో ఈ వేషం కనపడలేదు.

ఇదంతా అమ్మకి చెప్పాను. పూలు కోస్తూనే మొత్తం వింది.

"మరి ఆ గుంటడికేటిచ్చార్రా?" అంది.